పరీక్ష వాయిదా.. అద్దె మాత్రం ఒకటో తారీఖే!

ఆదివారం పొద్దున ఏడు గంటలు. చిక్కడపల్లి మెట్రో స్టేషన్ మెట్లు దిగి అశోక్‌నగర్ వైపు తిరిగితే ముందుగా కళ్లను లాగేవి గోడల మీది కాగితాలు. కరెంటు స్తంభానికి, ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు, దింపిన షట్టరుకు, ఆఖరికి వేపచెట్టు మానుకూ అవే. ‘టు-లెట్’. ‘బాయ్స్ హాస్టల్: త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్’. ‘రూమ్మేట్ కావలెను, గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేవారికి ప్రాధాన్యం’. ‘స్టడీ హాల్: 24 గంటలు, ఏసీ, వైఫై’. నిన్నటి కాగితం మీద ఇవాళ్టి కాగితం.

ఆ కాగితాలు చదువుకుంటూ ఒక తండ్రీ కొడుకూ నడుస్తున్నారు. రాత్రి బస్సెక్కి తెల్లారకముందే ఇమ్లీబన్‌లో దిగారు. కొడుకు వీపున పుస్తకాల బ్యాగు. తండ్రి చేతిలో గోనె సంచి, దాంట్లో బియ్యం. ఇంకో చేతిలో పాత తువ్వాలు చుట్టిన ఆవకాయ సీసా. మూడో అంతస్తులో గది చూపించిన హాస్టల్ మేనేజరు మంచం మీద చెయ్యేసి, “ఇదే అన్నా మీ బెడ్డు” అన్నాడు. ఒకప్పుడు హాలుగా కట్టిన గదిని ప్లైవుడ్డుతో రెండుగా విడగొట్టారు. ఒక్కో దాంట్లో నాలుగు ఇనుప మంచాలు. కిటికీ పక్క గదికి పోయింది. గోడకు మేకులు, మేకులకు బ్యాగులు, మంచం తలవైపు భారతదేశం పటం, దాని పక్కనే కరెంట్ అఫైర్స్ చార్టు. తండ్రి అటూ ఇటూ చూసి ఒకే ప్రశ్న అడిగాడు: “నీళ్లు బాగా వస్తాయా బాబూ?”

ఈ తండ్రీ కొడుకుల పేర్లు వెతకనక్కర్లేదు. ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు, విస్సన్నపేట, గంపలగూడెం, ఎ.కొండూరు మండలాల్లో ఏ ఊళ్లో అడిగినా ఇలా వెళ్లొచ్చిన తండ్రి ఒకరు దొరుకుతారు. టీకొట్ల దగ్గర మామిడి ధర తర్వాత ఎక్కువగా నలిగే ప్రశ్న కూడా ఇదే: “మీవాడు ఇంకా హైదరాబాద్‌లోనే ఉన్నాడా?”

గ్రంథాలయం చుట్టూ అల్లుకున్న పేట

అశోక్‌నగర్, చిక్కడపల్లి, గాంధీనగర్, దోమలగూడ. ఒకదానిలో ఒకటి కలిసిపోయిన పేటలు. నగరం నడిబొడ్డు. ఒకవైపు సినిమా హాళ్లతో పేరుమోసిన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, ఇంకోవైపు నారాయణగూడ, మధ్యలో త్యాగరాయ గానసభ. ఉద్యోగస్తులు ఒకప్పుడు వరండా, నాలుగు చెట్లు, వెనుక నీళ్ల తొట్టి ఉండేలా కట్టుకున్న సొంతిళ్లు ఇక్కడి సందుల్లో ఇంకా అక్కడక్కడా మిగిలాయి. మిగతావి నాలుగైదు అంతస్తులకు పెరిగి హాస్టళ్లయ్యాయి.

ఈ పేటంతటికీ గుండెకాయ చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీ. తలుపు తీయకముందే బయట వరస కడతారు. లోపల కుర్చీ దొరకనివాళ్లు ఆవరణలో చెట్ల కింద కూర్చుంటారు. లైబ్రరీ ఉంది కాబట్టి చదివేవాళ్లొచ్చారు, వాళ్లొచ్చారు కాబట్టి కోచింగ్ సెంటర్లొచ్చాయి. వాటి వెంట జిరాక్స్ షాపులు, కర్రీ పాయింట్లు, మెస్సులు, పాత మెటీరియల్ కిలోల లెక్కన కొని మళ్లీ అమ్మే కొట్లు. ఇప్పుడు స్టడీ హాళ్లూ వచ్చాయి. గదిలో చదవడానికి చోటు లేక, లైబ్రరీలో కుర్చీ లేక, నెలకింతని కట్టి ఒక బల్ల, ఒక లైటు, ఒక ప్లగ్ పాయింటు అద్దెకు తీసుకుంటారు. పడుకోవడానికొక అద్దె, చదువుకోవడానికింకో అద్దె అన్నమాట.

నలుగురుండే గదిలో ఒక మంచానికి, భోజనంతో కలిపి, నెలకు ఐదు నుంచి ఏడు వేలు. మనిషి తగ్గే కొద్దీ ధర పెరుగుతుంది. ముగ్గురు నలుగురు కలిసి విడిగా ఇల్లు తీసుకుంటే అడ్వాన్సు, కరెంటు, నీళ్లు, మెయింటెనెన్సు, గ్యాసు వేరు. డబ్బు అయిపోయిన నెలాఖరు రోజుల్లో ఆదుకునేది ఐదు రూపాయల భోజనం. జీహెచ్‌ఎంసీ, హరేకృష్ణ సంస్థ కలిసి 2014లో మొదలుపెట్టిన ఆ కేంద్రాలను కూలీల కోసమనే అనుకున్నారు. ఈ పేటలో ఆ వరసలో పుస్తకం చంకన పెట్టుకున్నవాళ్లూ ఉంటారు.

పూటకూళ్లింటి నుంచి షేరింగ్ రూమ్ దాకా

చదువు కోసం ఊరు దాటడం, పరాయి పంచన తలదాచుకోవడం తెలుగునాట పాత సంగతే. రైళ్లు కొత్తగా వచ్చిన కాలంలో పట్నం చేరిన పేద పిల్లవాడు వారాలు చేసుకునేవాడు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. ఏ వారమూ కుదరని రోజు పస్తే. చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్లకు పూటకూళ్లిళ్లు ఉండేవి. ‘కన్యాశుల్కం’లో గిరీశం బాకీపడింది అలాంటి పూటకూళ్లమ్మకే. టంగుటూరి ప్రకాశం తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి కొడుకును చదివించింది.

హైదరాబాద్‌లో ఈ అవసరాన్ని సంఘాలు తలకెత్తుకున్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిన 1918లోనే, తర్వాత నగర కొత్వాలైన రాజబహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టల్ మొదలైంది. తర్వాత సురవరం ప్రతాపరెడ్డి దాని బాధ్యతలు చూశారు. పల్లె నుంచి వచ్చిన కుర్రాడికి గదితో పాటు గ్రంథాలయం, సభలు, పత్రికలు దొరికిన చోటది. మున్నూరుకాపు, పద్మశాలి, వైశ్య, గౌడ సంఘాలు కూడా తమ పిల్లల కోసం హాస్టళ్లు కట్టాయి. వాటిని కట్టినవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు: నగరంలో గది దొరికితేనే చదువు దొరికినట్టు. అయితే సంఘం బలంగా ఉన్నవాళ్లకే హాస్టల్ వచ్చింది. మిగతావాళ్లు ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్ల కోసం చాలాకాలం ఆగాల్సి వచ్చింది.

ఆ సంక్షేమ హాస్టల్ కూడా కాలేజీలో పేరున్నంతవరకే. డిగ్రీ అయిపోయి పోటీ పరీక్షల్లోకి దిగినవాడు అటు విద్యార్థీ కాడు, ఇటు ఉద్యోగీ కాడు. అశోక్‌నగర్‌లో అద్దెకుండేవాళ్లలో ఎక్కువమంది ఈ మధ్య వరసవాళ్లే.

ఒక్క కాగితమూ లేని కాపురం

2020 మార్చి 25. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు. అమీర్‌పేట, అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల నిర్వాహకులు చాలామంది పిల్లలను ఖాళీ చేసి వెళ్లమన్నారు. వంటవాళ్లు లేరు, కూరగాయలు రావు, ఎవరికైనా జబ్బు చేస్తే మా మీదికొస్తుంది అన్నారు. వేలమంది పోలీస్ స్టేషన్ల ముందు వరస కట్టి పాసులు తీసుకున్నారు. బైకుల మీద, కార్లలో విజయవాడ దారి పట్టారు. జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపేశారు. తెలంగాణ ఇచ్చిన పాసు ఇక్కడ చెల్లదన్నారు. ముందుకు పోతే చెక్‌పోస్టు, వెనక్కి పోతే తాళం వేసిన హాస్టల్. ఎండలో, తర్వాత చీకట్లో, ఆడపిల్లలు కూడా రోడ్డు మీదే గంటల తరబడి నిలబడ్డారు. రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని, కొందరిని క్వారంటైన్‌కు పంపేలా ఒప్పుకున్నాకే కదలిక వచ్చింది. హాస్టళ్లు ఎవరినీ ఖాళీ చేయించొద్దని తెలంగాణ ప్రభుత్వం చెప్పేసరికి చాలామంది దారిలోనే ఉన్నారు.

తిరువూరు అప్పటికి కృష్ణా జిల్లాలోనే ఉంది. ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో. గరికపాడు సొంత జిల్లా సరిహద్దు. ఇంటికి రెండు గంటల దారిలో ఆగిపోయిన కొడుకుతో రాత్రంతా ఫోన్‌లో మాట్లాడిన ఇళ్లు ఈ ప్రాంతంలో ఉన్నాయి.

ఒక్క మాటతో అంతమంది రోడ్డు మీదికి రావడానికి కారణం సులభంగానే కనిపిస్తుంది. వాళ్ల చేతిలో ఒక్క కాగితమూ లేదు. హాస్టల్లో మంచం తీసుకున్నవాడికి అద్దె ఒప్పందం ఉండదు. ఫోన్‌పేలో డబ్బు పంపిన గుర్తే రసీదు. ఇల్లు తీసుకున్న నలుగురిలో కూడా ఒప్పందం ఒకరి పేరునే రాస్తారు. మిగతా ముగ్గురు ఆ ఇంట్లో ఉన్నట్టు ఎక్కడా ఉండదు. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చని ఒక నెల అద్దె అడ్వాన్సులో కోస్తారు. ఎందుకని అడగాలంటే, ఎవరిని అడగాలి?

చట్టం కూడా వీళ్లను చాలావరకు బయటే నిలబెట్టింది. తెలంగాణలో అమల్లో ఉన్న అద్దె నియంత్రణ చట్టం 1960 నాటిది. నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు అది వర్తించదు. చిక్కడపల్లిలో అంతకు లోపు అద్దెకు ఇల్లు ఇంకా ఉందంటే నమ్మేవాళ్లెవరు?

> అగ్రిమెంటు ముందు పెట్టుకుని..
>
> పదకొండు నెలలే ఎందుకు? ఏడాది దాటిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికే 11 నెలలు రాస్తారు.
>
> ఖాళీ చేయించాలంటే: వేరే ఒప్పందమేదీ లేని నెలవారీ అద్దెకు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి.
>
> అడ్వాన్సుకు హద్దు: కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం నివాసానికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. ఆంధ్రప్రదేశ్ 2017లోనే అద్దెలకు కొత్త చట్టం చేసుకుంది.
>
> హాస్టల్‌పై జీఎస్టీ: హాస్టల్ ఫీజు మీద 12 శాతం పన్ను పడుతుందని 2023లో కొన్ని రూలింగులు రావడంతో గోల మొదలైంది. 2024 జూన్ 22న జీఎస్టీ మండలి తేల్చేసింది: మనిషికి నెలకు 20 వేల లోపు, కనీసం 90 రోజులు వరసగా ఉంటే పన్ను లేదు.

“మీరేమిట్లు?”

ఇల్లు వెతికేటప్పుడు పెద్ద గోడ అద్దె ఒక్కటే అనుకుంటే పొరపాటు. టు-లెట్ బోర్డు చూసి గంట కొడితే తలుపు సగం తీసి అడిగే మొదటి ప్రశ్న, “ఫ్యామిలీనా, బ్యాచిలర్సా?” బ్యాచిలర్లంటే సగం తలుపులు అక్కడికక్కడే మూసుకుంటాయి. మిగిలిన సగం దగ్గర రెండో ప్రశ్న: “ఏ ఊరు బాబూ మీది?” మూడోది కాస్త నెమ్మదిగా వస్తుంది: “మీరేమిట్లు?” అంటే, ఏ కులమని.

కొందరు అంత సూటిగా అడగరు. ఇంటిపేరు అడుగుతారు, లేదా “మా ఇంట్లో నీచు వండకూడదు నాయనా” అంటారు. తిరువూరు ఎస్సీలకు కేటాయించిన నియోజకవర్గం. ఇక్కడి దళితవాడల నుంచి డిగ్రీలు చేసి హైదరాబాద్ వెళ్లిన పిల్లలకు ఈ మూడో ప్రశ్న బాగా తెలుసు. నచ్చిన ఇల్లు, చేతిలో అడ్వాన్సు డబ్బు ఉండీ, “మా ఆయన్ని అడిగి ఫోన్ చేస్తాం” అనే మాట విని వెనక్కి వచ్చిన అనుభవం వాళ్లది. ఆ ఫోన్ రాదు. ముస్లిం పిల్లలకు పేరు చెప్పగానే సంగతి తేలిపోతుంది. ఢిల్లీ పరిసరాల్లో ఆర్థికవేత్త సుఖదేవ్ థోరాట్ బృందం ఇదే పరీక్షించి చూసింది. ఒకే రకం వివరాలతో వేర్వేరు పేర్లతో ఇళ్లు అడిగించారు. దళితులకు, అంతకన్నా ఎక్కువగా ముస్లింలకు కాదన్న జవాబులు వచ్చాయని 2015లో ప్రకటించారు.

హాస్టళ్లు పెరగడానికి ఇదీ ఒక కారణమే. మంచానికి కులం అడగరు, డబ్బడుగుతారు. ఇరుకైనా, పప్పు నీళ్లలా ఉన్నా, ఆ ప్రశ్న తప్పిందన్న నెమ్మది ఉంటుంది. రాజ్యాంగంలో సమానత్వ హక్కు అధికరణలు కంఠతా పట్టే కుర్రాడు ఇంటి కోసం ఇంటిపేరు దాచుకోవాల్సి రావడం ఏ కోణంలో చూసినా అవమానమే. దాన్ని అలవాటుగా సరిపెట్టుకోవడం ఈ నగరానికి తగదు.

ఆడపిల్లల సంగతి వేరు. రాత్రి ఇన్ని గంటలకు గేటు మూసేస్తామనే హాస్టలే భద్రమని ఇంట్లో నమ్ముతారు. అబ్బాయిలు అర్ధరాత్రి దాకా స్టడీ హాల్లో కూర్చుంటే, అమ్మాయిలు లైబ్రరీలో కుర్చీ వదిలేసి గేటు టైముకు పరుగెత్తాలి. 2023 అక్టోబరులో అశోక్‌నగర్ హాస్టల్లో గ్రూప్-2కు చదువుతున్న ఒక యువతి చనిపోయింది. ఆ రాత్రి వేలమంది రోడ్డెక్కారు. ఆ మరణానికి కారణమేమిటన్న దానిపై పోలీసులది ఒక మాట, తోటివాళ్లది ఇంకో మాట. రోడ్డు మీద కూర్చున్నవాళ్ల నోట మాత్రం ఆ రాత్రి పదేపదే వినిపించింది పరీక్షల వాయిదా గురించే. మరుసటి నెలలో ఎన్నికల ప్రచారానికి వచ్చిన రాహుల్ గాంధీ కూడా అశోక్‌నగర్‌కు వచ్చి ఇక్కడి నిరుద్యోగులతో మాట్లాడి వెళ్లారు.

వాయిదా ఖరీదు ఎంత?

తెలంగాణ గ్రూప్-1నే తీసుకుందాం. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగాయి. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయ్యాయి. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబరులో ఆందోళనల నడుమ మెయిన్స్. 2025 సెప్టెంబరు 9న ఫలితాలను హైకోర్టు సింగిల్ జడ్జి పక్కనపెట్టారు, రెండు వారాలకు డివిజన్ బెంచ్ ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. నియామక పత్రాలు అందింది ఆ నెల 27న.

మొదటి నోటిఫికేషన్ నుంచి లెక్కేస్తే 41 నెలలు. నెలకు ఆరు వేల చొప్పున ఒక మంచానికే 2,46,000 రూపాయలు. కోచింగ్ ఫీజు, స్టడీ హాల్, పుస్తకాలు, దారి ఖర్చులు ఇందులో లేవు. ఉద్యోగం వచ్చిన అయిదారు వందల మందికి ఈ ఖర్చు జీతంలో తిరిగి రావచ్చు. పోటీపడ్డ మిగతా లక్షల మందిలో గది తీసుకుని చదివినవాళ్లకు ఏ ఖాతాలోనూ రాదు.

ఆంధ్రా పక్క తీరూ ఇంతే. 2023 డిసెంబరులో ఇచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్‌కు ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న అయ్యాయి. మెయిన్స్ జూలై అన్నారు, జనవరి అన్నారు, చివరికి 2025 ఫిబ్రవరి 23న జరిగాయి. జూలై పరీక్ష రాసి గది ఖాళీ చేద్దామనుకున్నవాడు ఏడు నెలలు అదనంగా అద్దె కట్టాడు, లేదా చదువు మధ్యలో మూటాముల్లె సర్దుకున్నాడు. డీఎస్సీ కోసం అవనిగడ్డలో గదులు తీసుకుని కూర్చున్నవాళ్లు, 16,347 పోస్టుల మెగా డీఎస్సీ మీద 2024 జూన్‌లో సంతకం పడ్డాక కూడా నోటిఫికేషన్ కోసం 2025 ఏప్రిల్ దాకా ఎదురుచూశారు.

తిరువూరు దాటి కొద్ది కిలోమీటర్లు పోతే ఖమ్మం జిల్లా. ఇటు తిరువూరు కుర్రాడు, అటు పెనుబల్లి కుర్రాడు అశోక్‌నగర్‌లో ఒకే గదిలో ఉంటారు, ఒకే కుక్కర్లో అన్నం వండుకుంటారు. ఒకరు ఏపీపీఎస్సీకి, ఇంకొకరు టీజీపీఎస్సీకి చదువుతారు. ఒక కమిషన్ పరీక్ష అయిపోతుంది, ఇంకోదానిది వాయిదా పడుతుంది. ఒకరు వెళ్లిపోతే మిగిలినవాడి మీద రెండో సగం అద్దె కూడా పడుతుంది. రెండు రాష్ట్రాల వాయిదాలు ఒకే ఇంటి అద్దెలో ఇలా తేలతాయి.

> డచ్ వీధుల్లోనూ గది కరువే
>
> పదిహేడో శతాబ్ది మొదట్లో గిడ్డంగి పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటూ డచ్చివాళ్లు మచిలీపట్నం వచ్చారు. వాళ్ల సమాధులు అక్కడ ఇంకా ఉన్నాయి. ఇప్పుడు మన పిల్లలు చదువు కోసం వాళ్ల దేశంలో గదులు వెతుక్కుంటున్నారు.
>
> 1575లో విశ్వవిద్యాలయం వెలిసిన లైడెన్‌లో, ఉట్రెక్ట్, గ్రోనింగన్ నగరాల్లో విద్యార్థులు నడిబొడ్డునే, కాలువల పక్క పాతకాలపు ఇళ్లలో అద్దెకుంటారు. మెట్లు నిచ్చెనంత నిటారు. సామాను మెట్ల మీద పోదు, ఇంటి నెత్తిన ఉన్న కొక్కేనికి తాడు కట్టి కిటికీలోంచి లాగుతారు. గది ఖాళీ అయితే ఆ ఇంట్లో ఉన్న విద్యార్థులే అడిగినవాళ్లందరినీ ఒక సాయంత్రం పిలిచి, మాట్లాడి, ఒకరిని ఎంచుకుంటారు. భాష రాని విదేశీ విద్యార్థికి ఆ సాయంత్రం కఠిన పరీక్షే. 2018లో గ్రోనింగన్‌లో గదులు చాలక విదేశీ విద్యార్థులకు తాత్కాలికంగా గుడారాలు వేశారు.
>
> తేడా ఒకచోట ఉంది. అక్కడ గది విస్తీర్ణానికి, వసతులకు పాయింట్లు వేసి అద్దె ఎంత ఉండాలో లెక్క కడతారు. యజమాని ఎక్కువ తీసుకుంటే అద్దెల కమిషన్‌కు ఫిర్యాదు చేసి తగ్గించుకోవచ్చు. 2023 జూలై నుంచి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. గదులు అక్కడా చాలడం లేదు, కానీ అద్దెకుండే విద్యార్థి గోడు వినే చోటు మాత్రం ఉంది.

తిరువూరులో లెక్క

మామిడి తోట ఉన్న రైతుకు డబ్బు వేసవిలో ఒకేసారి వస్తుంది. మిర్చి, పత్తి డబ్బు పంట అమ్మాక వస్తుంది. హాస్టల్‌కు మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖున పంపాలి. మధ్య నెలల్లో చేబదులు, డ్వాక్రా గ్రూపులో అమ్మ పేర తీసుకున్న అప్పు, బంగారం కుదువ. కూలికి పోయే ఇంట్లో అయితే తల్లిదండ్రుల్లో ఒకరి కూలి అంతా ఆ మంచానికే పోతుంది. “ఈ ఒక్క నోటిఫికేషన్ చూద్దాం నాన్నా” అన్న కొడుకు మాటను కాదనలేక రెండేళ్లు, మూడేళ్లు లాగిన ఇళ్లు ఉన్నాయి. ఆడపిల్ల అయితే అంత గడువు దొరకదు. ఒక వాయిదాతోనే పెళ్లి మాట వచ్చేస్తుంది. అంటే వాయిదా అబ్బాయిల దగ్గర డబ్బు తీసుకుంటుంది, అమ్మాయిల దగ్గర అవకాశమే తీసుకుంటుంది.

కొవిడ్ తర్వాత కొంత మారింది. ఆన్‌లైన్ పాఠాలు వచ్చాయి. ఊళ్లో ఉండి ఫోన్‌లో క్లాసులు వింటూ, పరీక్ష దగ్గరపడ్డాక రెండు మూడు నెలలకే హైదరాబాదో విజయవాడో వెళ్లేవాళ్లు పెరిగారు. అయినా పేట ఖాళీ కాలేదు. పక్క మంచం మీదివాడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదువుతుంటే తనూ లేవాలనిపించే ఊపు, అర్థంకాని లెక్కను అర్ధరాత్రి అడిగితే చెప్పే సీనియర్, “ఇంకా రాలేదా ఉద్యోగం?” అని అడిగే చుట్టాలు లేకపోవడం ఊళ్లో దొరకవని వాళ్లంటారు. వాళ్ల మాట కొట్టిపారేయడానికి లేదు.

ప్రభుత్వాలు చేయగలిగినవి ఉన్నాయి. లైబ్రరీకి నడిచిపోయే దూరంలో డిగ్రీ దాటినవాళ్లకు కూడా చోటిచ్చే హాస్టళ్లు కట్టవచ్చు. మంచం అద్దెకిచ్చే ప్రతి హాస్టలూ పేరు, తేదీ, అడ్వాన్సు రాసిన రసీదు ఇవ్వాలని నిబంధన పెట్టవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2024 ఆగస్టు 2న శాసనసభలో జాబ్ క్యాలెండర్ ప్రకటించినప్పుడు అశోక్‌నగర్ గదుల్లో దాన్ని గోడలకు అంటించుకున్నవాళ్లున్నారు. అందులోని తేదీలు నిలబడలేదు. తేదీ మార్చక తప్పని పరిస్థితులు వస్తాయి. లీకేజీ కావచ్చు, కోర్టు కేసు కావచ్చు. అప్పుడైనా, వాయిదా వేస్తున్నామని చెప్పే కాగితంలోనే కొత్త తేదీ ఎప్పటిలోగా ప్రకటిస్తారో కమిషన్లు రాయాలి. ‘తదుపరి తేదీ తర్వాత తెలియజేస్తాం’ అనే వాక్యం వల్లే ఎంతోమంది గదులు ఖాళీ చేయక, ఉంచుకోలేక నెలలు ఈడుస్తున్నారు. గడువు తెలిస్తే, ఈ నెల ఆరు వేలు పంపాలో, కొడుకును పుస్తకాలు సర్దుకుని రమ్మనాలో తిరువూరులోని తండ్రి ఆ సాయంత్రమే తేల్చుకోగలడు.